నట్టల మందు ఎవరి పాపం?

పెరట్లో కోళ్లున్న ఇంట్లో ఏడాదికి రెండు మూడు సార్లైనా ఈ పని తప్పదు. చీకటి పడ్డాక గూట్లో చేరిన పెట్టల్ని ఒక్కొక్కదాన్నే పట్టుకుని, ముక్కు విప్పి, నాలుక పక్కనుంచి నట్టల మందు చుక్కలు చుక్కలుగా వదులుతారు. మందు ఊపిరిగొట్టంలోకి పోకుండా చూసుకోవాలి, లేకపోతే రోగం కన్నా ముందు మందే చంపుతుంది. మర్నాడో ఆ మర్నాడో గూడు ఊడుస్తుంటే రెట్టల్లో ఉడికిన సేమియాలాంటి తెల్లటి పురుగులు, వేలెడేసి పొడవున, పడి ఉంటాయి. వాడిన మందును బట్టి కొన్ని ఇంకా మెలికలు తిరుగుతూనే ఉంటాయి.

ఊడ్చే చెయ్యి చాలా ఇళ్లలో ఆగదు. కొన్నింట్లో ఆగుతుంది. పిల్లల ముచ్చట కోసం నాలుగు పెట్టల్ని తెచ్చుకున్న ఇళ్లు, ముసలిదైపోయినా కొయ్యబుద్ధి కాక ఉంచేసుకున్న ఇళ్లు, గుడ్డు తింటాం గానీ మాంసం ముట్టమనే ఇళ్లు ఉంటాయి కదా, అలాంటి చోట ఎవరో ఒకరు అంటారు: ఒక ప్రాణం నిలబెట్టడానికి ఇన్ని ప్రాణాలు తీశామే, ఇది ఏ లెక్కలో పడుతుంది? మాట సరదాగానే మొదలవుతుంది. కానీ ఈ దేశంలో రెండున్నర వేల ఏళ్లుగా ఉద్దండులు పట్టుకుని కూర్చున్న ప్రశ్న అదే.

ముందు ఆ పురుగు సంగతి తెలియాలి. పెరటి కోళ్లలో ఎక్కువగా కనిపించే ఏలికపాముకు శాస్త్రం పెట్టిన పేరు అస్కారిడియా గల్లి. ఆడపురుగు 7 నుంచి 12 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. చిన్న పేగులో కాపురం. కోడి తిన్న మేతను అది తింటుంది, దాని గుడ్లు రెట్టతో పాటు నేల మీద పడతాయి. నేల తడిగా, వెచ్చగా ఉంటే రెండు మూడు వారాల్లో ఆ గుడ్లలో పిల్ల పురుగు సిద్ధమైపోతుంది. ఇంకో కోడి అక్కడే గింజ ఏరుకుంటూ దాన్ని మింగుతుంది. పేగులో అది మళ్లీ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి ఐదు నుంచి ఎనిమిది వారాలు. మట్టిలో పడిన గుడ్లు నెలల తరబడి, నీడ పట్టున ఉంటే ఏడాది పైన కూడా చావవు. అరుదుగా ఓ పురుగు దారి తప్పి గుడ్డు తయారయ్యే నాళంలోకి పోతుంది. అప్పుడు ఆమ్లెట్ కోసం గుడ్డు కొట్టిన ఇల్లాలికి తెల్లసొనలో చుట్టుకుని పడుకున్న పురుగు దర్శనమిస్తుంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నట్టల మందు గురించి ధర్మసందేహాలు వినపడవు.

ఇదొక్కటే కాదు. కోడి పేగు చివరి సంచుల్లో సెంటీమీటరు పొడవుండే హెటెరాకిస్ ఉంటుంది. అది కోడికి పెద్దగా చేటు చేయదు గానీ, పక్కనే టర్కీ కోళ్లుంటే వాటి కాలేయాన్ని తినేసే సూక్ష్మజీవిని తన గుడ్లలో దాచి మోసుకెళ్తుంది. వెంట్రుకంత సన్నగా ఉండే కాపిల్లేరియా ఉంటుంది. బద్దెపురుగులున్నాయి. ఇవి చీమల్లోనో, పేడపురుగుల్లోనో కొన్నాళ్లు బతికి, ఆ చీమను కోడి తిన్నప్పుడు కోడిలోకి చేరతాయి. ఇక్కడొక మాట. కోడి సాధుజీవి అనుకుంటాం గానీ, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అది చేసే పని వానపాముల్ని, చెదల్ని, చీమల్ని, దొరికితే బల్లిపిల్లనీ గుటుక్కుమనిపించడమే. దాని కడుపులో పురుగు పడేదీ చాలావరకు ఆ నోటి ద్వారానే.

పురుగు ప్రాణాన్ని నిజంగా లెక్కలోకి తీసుకున్నవాళ్లు జైనులు. వాళ్ల శాస్త్రంలో జీవుల్ని ఇంద్రియాల లెక్కన వరుస కట్టారు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో రెండు ఇంద్రియాలున్న జీవికి మొదటి ఉదాహరణగా చెప్పింది పురుగునే. తర్వాత చీమ, ఆపైన తుమ్మెద, చివరికి మనిషి, ఒక్కో మెట్టుకు ఒక్కో ఇంద్రియం ఎక్కువ. పురుగుకు స్పర్శ, రుచి ఉన్నాయి. కోడి పంచేంద్రియ జీవి. కాబట్టి ఐదింద్రియాలున్న దాని కోసం రెండింద్రియాలున్న వాటిని చంపితే తక్కువ పాపమేగా అని లెక్క తేల్చేయొచ్చు అనిపిస్తుంది. కానీ ఆ లెక్క అంత తేలిక కాదు. జైన గృహస్థు పట్టే అహింసా వ్రతం మొక్కలకు, నీటికి, నిప్పుకు కొంత మినహాయింపు ఇస్తుంది గానీ, కదిలే జీవులన్నింటినీ కావాలని చంపకూడదంటుంది. కదిలే జీవుల వరుస మొదలయ్యేదే రెండింద్రియాల దగ్గర. అంటే నట్టపురుగు ఆ కంచెకు లోపలే ఉంది.

అందుకే వాళ్లు హింసను నాలుగు రకాలు చేశారు. చంపాలనే సంకల్పంతో చేసేది ఒకటి. ఇంటి పనుల్లో, వంటలో, ఊడ్పులో జరిగిపోయేది ఒకటి. వృత్తిలో జరిగేది ఇంకొకటి. మీదికొచ్చిన దాన్ని ఎదిరించేటప్పుడు జరిగేది నాలుగోది. గృహస్థు పూర్తిగా మానాల్సింది మొదటిదాన్ని. మరి నట్టల మందు ఏ గదిలో పెట్టాలి? కోడిని కాపాడటానికి కాబట్టి ఎదిరింపు అనొచ్చు. మందు చేసే పని చంపడమే కాబట్టి సంకల్పం అనొచ్చు. రెండు వైపులా వాదించగల పండితులు దొరుకుతారు.

ఈ చిక్కుముడిని విప్పే కొస తెలుగు నేల మీదే ఉంది. గుంతకల్లుకు దగ్గర, అనంతపురం జిల్లా కొనకొండ్ల అనే ఊరిని కుందకుందాచార్యుడి ఊరుగా చాలామంది పండితులు గుర్తిస్తారు. దిగంబర జైనులకు ఆయన మహావీరుడి తర్వాత నోట తలుచుకునేంత పెద్ద గురువు. ఆయన ప్రవచనసారంలో చెప్పిన మాట సారం ఇది: ఎదుటి జీవి చచ్చిందా బతికిందా అన్నది అసలు విషయం కాదు. ఒళ్లు తెలియకుండా, అశ్రద్ధగా నడిచేవాడికి హింస అంటుకునే తీరుతుంది. కళ్లు తెరిచి, జాగ్రత్తగా మసలేవాడి చేతిలో ఒక ప్రాణి పోయినా ఆ చావు ఒక్కటే అతన్ని కట్టిపడేయదు. ఉమాస్వాతి కూడా హింసకు ప్రమాదాన్నే, అంటే ఏమరపాటునే, నిర్వచనంలో ముందు పెట్టాడు.

ఈ మాటను గూటి దాకా తీసుకెళ్తే ప్రశ్న ముఖం మారిపోతుంది. మందు చుక్క పడిన రాత్రి దగ్గర కాదు చూడాల్సింది. ఆ రాత్రి ఎందుకు వచ్చింది అన్న దగ్గర.

అక్కడికి వెళ్లేముందు ఒక చిన్న తప్పించుకునే దారి గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే తెలివైనవాళ్లు తప్పకుండా అడుగుతారు. పైపరజీన్ అనే పాత మందు ఏలికపామును చంపదు. దాని కండరాలకు పక్షవాతం తెప్పిస్తుంది. పేగులో మేత ప్రవాహానికి ఎదురీదుతూ నిలబడే పట్టు సడలి, బతికుండగానే రెట్టతో బయటికి కొట్టుకొస్తుంది. ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్ అలా కాదు. పురుగు కణాల్లోని ఓ మాంసకృత్తిని పట్టుకుని అది తిండి పీల్చుకునే దారి మూసేస్తాయి, పురుగు రెండు మూడు రోజులు మాడి చస్తుంది. అయితే పైపరజీన్ అహింసా మందా? బయట ఎండలో ఆ పురుగు కాసేపట్లో ఎండి చస్తుంది, లేదా ఇంకో కోడి వచ్చి ముక్కున కరుచుకుంటుంది. చంపలేదు, బయటికి పంపానంతే అనడం, చలిలో పసివాణ్ని గుమ్మం బయట పడుకోబెట్టి నేనేం చేశాననడం లాంటిదే. పైగా ఆ మందు బద్దెపురుగుల మీద పనిచేయదు. పాపం తగ్గించుకుందామని పనికిరాని మందు వేస్తే కోడికి మిగిలేది రోగమే.

బౌద్ధుల దగ్గర ఇంకా కష్టం. ప్రాణహింస పూర్తి కావడానికి వాళ్లు ఐదు అంగాలు చెబుతారు: ప్రాణి ఉండాలి, అది ప్రాణి అని తెలియాలి, చంపాలనే తలంపు ఉండాలి, అందుకు ప్రయత్నం చెయ్యాలి, ఆ ప్రయత్నంతో అది చావాలి. నట్టల మందు వేసేవాడు ఐదింట్లో ఐదూ పూర్తిచేస్తాడు. మినహాయింపు లేదు, చిన్న ప్రాణి కాబట్టి దోషం చిన్నది అన్న ఊరట మాత్రం వ్యాఖ్యాతలు ఇచ్చారు. భిక్షువులకు నీళ్లు వడకట్టుకునే గుడ్డ తప్పనిసరి చేసిన మతం అది. అయినా ఆ మతాన్ని పట్టుకున్న చక్రవర్తి జంతువులకు వైద్యం వద్దనలేదు. కర్నూలు జిల్లాలో పత్తికొండ దగ్గర ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి, 1929లో బయటపడ్డాయి. వాటిలో రెండో శిలాశాసనం మనుషులకూ పశువులకూ రెండు రకాల వైద్యం ఏర్పాటు చేయించానని, మూలికలు లేనిచోట తెప్పించి నాటించానని చెబుతుంది. పశువుకు మందు అనేది తెలుగు నేల మీద రాతికెక్కి ఇరవై రెండు శతాబ్దాలు దాటింది.

అదే అశోకుడు పట్టాభిషేకమైన 26 ఏళ్లకు వేయించిన ఐదో స్తంభశాసనం చదివితే కోడి వైపు నుంచి కొంచెం నొప్పి కలుగుతుంది. చిలకలు, గోరువంకలు, గబ్బిలాలు, తాబేళ్లు, ఉడుతలు, ఒక రకం చీమలు కూడా చంపకూడని జాబితాలో ఉన్నాయి. కోడి లేదు. కోడి గురించి ఒక్క మాటే ఉంది: పుంజుల విత్తులు తీయకూడదు. ఆ వెంటనే ఇంకో మాట: ప్రాణులున్న ఊకను కాల్చకూడదు. ఇవాళ మన గూళ్లలో పరిచేది ఊకే. పాతబడ్డ ఊకలో పురుగు గుడ్లు, పేడపురుగులు, చెదలు అన్నీ ఉంటాయి, దాన్ని తీసి ఓ మూల తగలబెట్టడం మామూలే. కాల్చకుండా పేడతో కలిపి ఎరువు కుప్ప వేసినా లోపలి వేడికి పురుగు గుడ్లు చస్తాయనుకోండి. చక్రవర్తి శాసనాన్ని అక్షరాలా పాటించవచ్చు, పురుగును మాత్రం బతికించలేం.

మహాభారతం అరణ్యపర్వంలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు కౌశికుడికి చెప్పిందీ దాదాపు ఇదే. నాగలి దున్నితే ఎన్ని ప్రాణులు పోతున్నాయో, నడిచే కాలి కింద ఎన్ని పోతున్నాయో చూశావా అని అడుగుతాడు. అది ఒప్పుకోవాల్సిన మాటే. కానీ ఆ మాటను అడ్డం పెట్టుకుని ఏం చేసినా ఒకటే అనేసేవాళ్లకు అది వరంలా దొరికింది. ధర్మవ్యాధుడు ఆ ఉద్దేశంతో అనలేదు.

ఇంకో సంగతి. ఏటా ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం నాడు అంగన్‌వాడీల్లో, బడుల్లో, ఏడాది నుంచి 19 ఏళ్ల దాకా ఉన్న పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. మందు అదే, పురుగు దగ్గరి చుట్టమే. ఆ రోజు పురుగు ఆత్మ గురించి ఎవరూ అడగరు. కోడి దగ్గరికి వచ్చేసరికి అడుగుతున్నామంటే పురుగు మీద దయ పెరిగిందని కాదు, కోడి ప్రాణం మన దగ్గర చవక కాబట్టి రెండింటినీ ఒకే తక్కెడలో వేయగలుగుతున్నాం.

ఇప్పుడు గూటి దగ్గరికి. అడవికోడి రోజంతా తిరుగుతుంది, ఒకేచోట రెట్ట వేసి ఒకేచోట తినదు. దాని కడుపులోనూ పురుగులుంటాయి, అయితే కొద్దిగా. ఇద్దరి మధ్యా ఏదో ఒడంబడిక కుదిరినట్టు సాగిపోతుంది. పెరట్లో మూడు సెంట్ల జాగాలో పదిహేను కోళ్లు ఏళ్ల తరబడి తిరిగితే ఆ మట్టి పురుగు గుడ్ల గాదె అయిపోతుంది. నీళ్ల చిప్ప ఒలికిన చోట, గూడు కింద నీడలో, చూరు నీళ్లు పడే చోట అది ఇంకా చిక్కన. పిల్లల్ని పెద్ద కోళ్లతో కలిపి వదిలేస్తారు. పెద్దవాటికి ఓర్చుకునే శక్తి ఉంటుంది, మూడు నెలల లోపు పిల్లలకు ఉండదు. వాటికి రొమ్ము ఎముక కత్తిలా బయటపడుతుంది, తురాయి పాలిపోతుంది, మేత తింటూనే ఎండిపోతాయి. అప్పుడు మందు గుర్తొస్తుంది. చాలీచాలని మోతాదులో, కంటి అంచనాతో, మిగతా కోళ్లతో పాటు ఒకే చుక్క. సగం చచ్చి సగం బతికిన పురుగుల్లోంచి మందుకు లొంగని సంతతి పుడుతుంది. మళ్లీ మూడు నెలలకు మళ్లీ మందు.

కుందకుందుడు చెప్పిన ప్రమాదం ఇదీ. వందల పురుగులు చచ్చిన రాత్రి కాదు తప్పు జరిగింది. ఊక తడిసి ముద్దై నెలలైనా తిరగెయ్యని రోజుల్లో జరిగింది. పిల్లల్ని వేరు చెయ్యని రోజున జరిగింది. ఎండ తగలని మూలలో గూడు పెట్టిన రోజున జరిగింది. ఊక పొడిగా ఉంచి, తిరిగే జాగాను రెండు భాగాలు చేసి మార్చి మార్చి వదిలి, నీళ్ల చిప్ప ఎత్తు మీద పెట్టి, పిల్లలకు కొత్త మట్టి చూపిస్తే పురుగు పూర్తిగా పోదు. కానీ మందు అవసరం బాగా తగ్గుతుంది, చావాల్సిన పురుగులూ ఆ మేరకు పుట్టవు. పుట్టని పురుగును చంపే పని లేదు. తాజా రెట్టను చిన్న డబ్బాలో వేసుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే సూక్ష్మదర్శినిలో గుడ్లున్నాయో లేవో, ఏ రకమో చూసి చెబుతారు. ఏలికపాముకు వేసే మందు బద్దెపురుగుకు చాలకపోవచ్చు, దానికి ప్రాజిక్వాంటెల్ లాంటివి కావాలి. చూసి, తూచి, అవసరమైన కోడికి అవసరమైన మందు వెయ్యడం వైద్యుడి శాస్త్రం. జైన ముని చెప్పే అప్రమాదానికి ఇంత దగ్గరి ఉదాహరణ పెరట్లో ఇంకోటి దొరకదు. వేపాకు, వెల్లుల్లి, మోదుగ గింజలు అనేవాళ్లున్నారు. మోదుగ గింజకు పురుగుల మందుగా పాతకాలం నుంచీ పేరుంది. కానీ ఎంత వేయాలో తెలియని మూలిక కన్నా ఎంత వేయాలో రాసి ఉన్న మందు నయం.

పురుగు వల్ల వచ్చిన ప్రశ్నకు ఇంతవరకు పాత గ్రంథాల్లో జవాబు దొరికింది. గుడ్డు వల్ల వచ్చే ప్రశ్నకు దొరకదు.

అన్ని పెంపుడు కోళ్లకూ మూలం ఎర్ర అడవికోడి. గోదావరికి ఉత్తరాన తూర్పు కనుమల్లో ఇప్పటికీ అది కూస్తూనే ఉంది. ఆ అడవి పెట్ట ఏడాదికి పెట్టేది పది పదిహేను గుడ్లు. నాటు పెట్ట దఫాలు దఫాలుగా యాభై అరవై దాకా పెడుతుంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసం తయారుచేసిన గ్రామప్రియ మేత, సంరక్షణ బాగుంటే 72 వారాల వయసుకు 200 నుంచి 230 గుడ్లు ఇస్తుంది. ఫారాల్లోని లేయర్ 300 దాటుతుంది. ఒక్కో గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు. అందులో 20 గంటలు పెంకుకే. పెంకులో ఉండే కాల్షియం సుమారు 2 గ్రాములు, అది పెట్ట ఒంట్లో ఉన్న కాల్షియంలో పదో వంతు. రాత్రిపూట మేత ఉండదు కాబట్టి ఆ కాల్షియాన్ని ఎముకల్లోంచి లాగుతుంది. రోజూ ఇదే జరిగితే ఎముక పెళుసవుతుంది, గర్భనాళం కండరాలు నీరసిస్తాయి. ఒకరోజు గుడ్డు లోపలే ఆగిపోతుంది.

గుడ్డు ఇరుక్కున్న పెట్టను ఒకసారి దగ్గర్నుంచి చూస్తే మర్చిపోవడం కష్టం. నిటారుగా, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడుతుంది. తోక పైకీ కిందకీ ఊపుతుంది. ముక్కుతుంది, ఆగుతుంది, మళ్లీ ముక్కుతుంది. కళ్లు సగం మూతలు పడతాయి. గూట్లో గుడ్లు పెట్టే మూలకు పోయి వచ్చి, పోయి వచ్చి, చివరికి ఎక్కడో రెక్కలు వాల్చి కూలబడుతుంది. పొట్ట కింద చెయ్యి పెడితే గట్టిగా ఉండ తగలొచ్చు. చెయ్యాల్సింది నెమ్మదైన పని. గోరువెచ్చటి నీళ్లలో పదిహేను ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాలి, తుడిచి, చీకటిగా, వెచ్చగా ఉన్న చోట వదలాలి, గుడ్డు బయటికొచ్చే దారిలో నూనె గానీ జెల్లీ గానీ రాయాలి, వైద్యుడు కాల్షియం ఇస్తాడు. గుడ్డును నొక్కి బయటికి తెద్దామని చూడకూడదు. లోపలే పగిలితే పెంకు ముక్కలు చీరుతాయి, సొన కుళ్లి కడుపంతా చీము పడుతుంది. ఒకటి రెండు రోజుల్లో తేలకపోతే పెట్ట దక్కదు.

ఈ బాధ అడవికోడికి లేదని కాదు, అరుదు. ఇక్కడ చెయ్యి మనిషిది. పాత శాస్త్రాలు పశువును ఎలా వాడుకోవచ్చు, ఎలా కట్టొచ్చు, ఎప్పుడు కొయ్యొచ్చు అని మాట్లాడాయి. పశువు ఒళ్లే మన చేత్తో తయారైనప్పుడు దాని నొప్పి ఎవరి కర్మ అన్న ప్రశ్న వాటికి ఎదురుకాలేదు. అశోకుడు పుంజు విత్తులు తీయొద్దన్నాడు, అది ఒక్క కోడి మీద ఒక్కసారి పడే కత్తి. ఎన్నో తరాలు ఏరి ఏరి జతకట్టి పెట్ట గర్భనాళాన్ని యంత్రంగా మార్చడం కత్తి లేని కోత. ఆ పెట్టకు పూర్వజన్మ కర్మ అనడం చేతులు కడుక్కోవడమే. దానికి వైద్యం చెయ్యడాన్ని దయ అనడం కూడా సరికాదు. దయ చెయ్యనూ వచ్చు, మానుకోనూ వచ్చు. ఇది బాకీ.

బాకీ అంటే ఎంత వరకు? రెండేళ్లు దాటిన లేయర్ పెట్టల్లో అండాశయ కేన్సర్ దానంతటదే ఎంత తరచుగా వస్తుందంటే, ఆడవాళ్లలో ఆ జబ్బును అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు పెట్టల్నే నమూనాగా వాడుతున్నారు. అమెరికాలో, బ్రిటన్‌లో ఫారాల నుంచి కాపాడిన కోళ్లను పెంచే కొందరు డెస్లోరెలిన్ అనే హార్మోన్ గుళికను చర్మం కింద పెట్టించి గుడ్లు పెట్టడాన్నే కొన్ని నెలలు ఆపేస్తున్నారు. మొదట వింటే విపరీతంగా ఉంటుంది, కోడిని కోడిలా ఉండనివ్వరా అనిపిస్తుంది. కానీ ఏడాదికి పది గుడ్లు పెట్టేదాన్ని మూడొందలకు తెచ్చింది మనమే అయినప్పుడు, మళ్లీ పదికి దించడంలో వికారం ఏముంది? మన పల్లెలో ఆ గుళిక దొరకదు, దొరికినా పెట్ట ధర కన్నా పదింతలుంటుంది. అది వేరే సంగతి.

నిజానికి ధర చిన్న విషయం కాదు. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఇరవై కోళ్లు పెంచే అమ్మకు వైద్యుడి దగ్గరికి పోయి వచ్చే ఆటో ఖర్చే ఆ పెట్ట విలువ. ఆమెను ధర్మం పేరుతో నిలదీయడానికి ఎవరికీ హక్కు లేదు. అయితే గుడ్డు ఇరుక్కున్న పెట్టను గంప కింద మూసి, చస్తే చస్తుంది, బతికితే బతుకుతుందని మూడు రోజులు వదిలెయ్యడం మాత్రం ఏ మతమూ ఒప్పుకోదు. తెలుగు ఊళ్లలో హిందువుల ఇళ్ల కోడిని కూడా ముల్లా చేత కోయించడం చాలాచోట్ల మామూలే. ఆ ముల్లా పాటించే ప్రవక్త మాట ఒకటి హదీసుల్లో ఉంది: కోసేటప్పుడు కత్తికి పదును పెట్టు, జీవిని హింసపెట్టకు. బాగు కాదని తేలిన పెట్ట విషయంలో గంప కన్నా పదునైన కత్తే మేలు. పోచమ్మకో మైసమ్మకో మొక్కుకున్న కోడిని మాత్రం ఎవరూ జబ్బు చెయ్యనివ్వరు, దానికి మంచి మేత పడుతుంది, మందూ పడుతుంది. అమ్మవారికి ఇచ్చేది బాగుండాలనే పట్టింపు మనకు గుడ్లు ఇచ్చేదానిపై కూడా ఉంటే ఈ వ్యాసానికి పని ఉండేది కాదు.

చట్టం వైపు చూస్తే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మూడో సెక్షన్, జంతువు ఎవరి సంరక్షణలో ఉందో వాళ్లు దాని క్షేమం చూడాలని, అనవసరమైన నొప్పి కలగనీయకూడదని చెబుతుంది. అదే చట్టం జంతువు అంటే మనిషి కాని ఏ ప్రాణైనా అని నిర్వచించింది. ఆ లెక్కన కోడి పేగులోని ఏలికపాము కూడా యజమాని సంరక్షణలోనే ఉన్నట్టు. ఇంతవరకు ఏ వకీలూ ఆ వాదన ఎత్తినట్టు లేదు, ఎత్తకపోవడమే మంచిది.

మందు లేకుండా, కత్తి లేకుండా గర్భనాళానికి విశ్రాంతి ఇచ్చే దారి ఒకటి నాటు పెట్టకు పుట్టుకతోనే ఉంది. పొదుగు పట్టినప్పుడు అది గుడ్లు పెట్టడం మానేసి 21 రోజులు పొదిగి, ఆ తర్వాత రెండు నెలలు పిల్లల వెంట తిరుగుతుంది. ఆ మూడు నెలలూ ఎముకల్లోకి కాల్షియం తిరిగి చేరుతుంది. గ్రామప్రియలాంటి రకాల్లో పొదుగు గుణమే తీసేశారు. నాటు పెట్టలో ఉన్నా మనం ఉండనివ్వం. గుడ్ల నష్టమని నీళ్లలో ముంచుతారు, ముక్కు రంధ్రాల్లో ఈక గుచ్చుతారు, కాలు కట్టేస్తారు. ఏడాదికి ఒక్కసారైనా దాన్ని కూర్చోనిస్తే చాలు, ఖర్చు లేని వైద్యం. ఆ ఇరవై ముప్ఫై గుడ్ల లోటును భరించలేనివాళ్లు తక్కువ.

కాకపోతే పొదుగుకు కూర్చున్న పెట్ట రోజుకు ఒకటి రెండు సార్లే లేస్తుంది, దుమ్ములో పొర్లడం తగ్గుతుంది, రెక్కల కింద పేలు పడతాయి. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చే రోజుకు ఆ పేలు వాటి మెడల మీదికి ఎక్కుతాయి. గూట్లో గడ్డి మార్చాలి, పొడి బూడిద చల్లాలి, మరీ ఎక్కువైతే పేల మందు కొట్టాలి. జైనుల లెక్కలో పేనుకు మూడు ఇంద్రియాలు, నట్టపురుగు కన్నా ఒకటి ఎక్కువ.